నడిమి పువ్వు

మా ఉప్పాడలో జాందానీ చీర ఒక్కరే కూర్చుని నెయ్యరు. ఒకే మగ్గం, ఒకే చెక్క, దాని మీద భుజానికి భుజం తగిలేలా ఇద్దరు. కుడి అంచు నుంచి నడిమి దాకా ఒకరిది, నడిమి నుంచి ఎడమ అంచు దాకా రెండో మనిషిది. అడ్డపోగు మోసుకెళ్ళే నాడె ఒకరు విసిరితే రెండోవాళ్ళు అందుకోవాలి, వాళ్ళు విసిరితే వీళ్ళు అందుకోవాలి. నాడె ఒకసారి దాటాక ఇద్దరూ చిటికెన వేలంత జరీ కండెలు పట్టుకుని, వేళ్ళతో నిలువు పోగులు, అంటే పడుగు పోగులు ఎత్తి, పువ్వు పడవలసిన చోటల్లా జరీ దూర్చుతారు. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక దెబ్బ. మళ్ళీ నాడె.

కుడివైపు మనిషి లెక్క పిలుస్తుంది. "మూడెత్తు, రెండొదులు" అంటుంది. ఎడమవైపు మనిషి ఆ ప్రకారం పోగులెత్తి జరీ దూర్చి "అయింది" అంటుంది. పిలుపు, బదులు. అవి ఆగిపోతే ఒక పక్క పూలు పైకి పోతాయి, ఒక పక్క పూలు కిందికి జారతాయి.

వరసకి తొమ్మిది పూలనుకోండి. నాలుగు ఈమెవి, నాలుగు ఆమెవి. నడిమి పువ్వు మాత్రం సరిగ్గా సరిహద్దు మీద పడుతుంది. దాని పోగులు సగం ఇటు, సగం అటు. ఆనవాయితీ ప్రకారం అది కుడివైపు మనిషిది. ఈ ముక్క గుర్తుంచుకోండి. నేను చెప్పబోయే గొడవంతా ఆ పువ్వు దగ్గరే.

మా ఆయనా నేనూ ముప్పై ఏళ్ళు అలా పక్కపక్కన కూర్చున్నాం. అందులో సగం రోజులు మాకు మాటల్లేవు. అన్నం కంచం జరిపేదాన్ని, ఆయన తిని చెయ్యి కడుక్కునేవాడు. మగ్గం మీద మాత్రం పిలుపు ఆపలేదు. కొన్ని నెలలు మా మధ్య నడిచిన మాటలన్నీ మూడెత్తు, రెండొదులు, అయింది, అంతే. ఆ మూడు మాటలతోనే కాపురం నిలబడిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన పోయాక పక్కన మనిషి లేక నేను మగ్గం దిగాను.

తొంభైల చివర్లో మా ఊళ్ళో ఆడవాళ్ళకి నేత నేర్పాలని ఒక సెంటరు పెట్టారు. పేరుకి ట్రైనింగ్ సెంటరు. నిజానికి పాత బియ్యం గోడౌను. ఆరు మగ్గాలు, పన్నెండు మంది. నేర్పడానికి నన్ను రమ్మన్నారు. నాకు చదువు లేదు. గళ్ళ కాగితం మీద డిజైను గీసి ఇస్తే ఎంత చిక్కుదైనా చదివేదాన్ని. గళ్ళు లేకుండా ఒక్క అక్షరం కూడా తెలీదు. నెల నెలా రిజిస్టరులో పన్నెండు మందీ సంతకాలు పెట్టాక, చివరలో నేర్పే మనిషి వేలిముద్ర వేసేది. ఆ సిరా మరక తుడుచుకునేటప్పుడు ఎవరూ నవ్వలేదు. నాకే తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఆ పన్నెండు మందిలో ఒక పిల్ల నాకు అక్షరాలు నేర్పింది. ఆ పిల్లది వలలిల్లు. తండ్రి, అన్న సముద్రం మీద బతికేవాళ్ళు. పదో తరగతి దాకా చదివి ఆగిపోయింది. వాళ్ళ ఇల్లు సముద్రం రెండుసార్లు తినేసింది. ఒకసారి గోడలు పోయాయి, రెండోసారి జాగాయే పోయింది. అన్న ఇంటి వసారాలో తల్లీ ఈ పిల్లా ఉండేవారు. ఎండు చేపలు ఎత్తడం, దులపడం, బుట్టకెత్తడం, అదీ పని. దాన్నుంచి బయటపడాలని వచ్చింది. టీ ఇచ్చే వేళ నా పక్కన కూర్చుని అదే గళ్ళ కాగితం మీద అ, ఆ రాసేది. "పెద్దమ్మా, ఇది కూడా పువ్వు బుటాయే. ఇక్కడ మొదలెట్టి ఇలా తిప్పి ఇక్కడ ముడెయ్యాలి" అనేది. యాభై దాటాక నాకు అక్షరం అలా పట్టుబడింది. ఇప్పుడీ రాస్తున్నదంతా ఆ పిల్ల చలవే.

ఆ పిల్లని ఎవరి పక్కన కూర్చోబెట్టాలా అని ఆలోచించి నేతింటి కోడలి పక్కన కూర్చోబెట్టాను. కోడలంటే, మా వీధి చివర ఇంటి కోడలు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ పన్నెండు మందిలో నేత ముందే వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఇంట్లో ఎనిమిదేళ్ళు మొగుడితో కలిసి నేసింది. తర్వాత అతను మగ్గం వదిలి ఆటో కొనుక్కుని కాకినాడ, పిఠాపురం తిప్పుకోవడం మొదలెట్టాడు. ఇంట్లో మగ్గం అమ్మేశారు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట మీద పలకలు పరిచి బస్తాలు పెట్టుకున్నారు. చెయ్యి ఊరుకోక సెంటరుకి వచ్చింది. చెయ్యి వేగం, నోరు అంతకన్నా వేగం. పేర్లు రాయడం నాకిష్టం లేదు. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, నన్ను తిడతారు. కోడలు, వలలింటి పిల్ల, అంతే.

సెంటరులో ఒక మాట ఇచ్చారు. కొత్తగా నేర్చుకున్న మనిషి మొదటి చీర తప్పు లేకుండా దిగితే, ఆ మనిషికి ఒక మగ్గం ఇస్తారు. సొంతానికి. ఇంటికి తీసుకెళ్ళి బిగించుకోవచ్చు. మిగతావాళ్ళకి అది బాగుండే విషయం. వలలింటి పిల్లకి అదొక్కటే విషయం. మగ్గం వస్తే వసారాలో పెట్టుకుంటుంది, ఎండు చేపల బుట్ట దింపేస్తుంది. రాకపోతే మళ్ళీ బుట్టే. రోజూ సెంటరు గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడు ఇవ్వడానికని మూలన విడిగా ఉంచిన ఖాళీ మగ్గాన్ని ఒకసారి చేత్తో తాకి వచ్చేది. నేను చూసేదాన్ని. చూడనట్టు ఉండేదాన్ని.

వాళ్ళిద్దరి చీర గంధం రంగుది. నెమలికంఠం రంగు అంచు. ఒళ్ళంతా చిన్న చిన్న జరీ పూలు. మొదట్లో బాగా కలిసిపోయారు. కోడలు కుడివైపు, పిల్ల ఎడమవైపు. కోడలు తిడుతూనే నేర్పేది. ఒకరోజు తనే అంది, నడిమిది కూడా నువ్వే వెయ్యవే, చెయ్యి తిరుగుతుంది అని. ఆనవాయితీ ప్రకారం తనది, అయినా ఇచ్చింది. ఆ పిల్ల నడిమి పువ్వు మొదటిసారి నిలబెట్టిన రోజు నేను పన్నెండు మందినీ పిలిచి చూపించాను. చూడండే, నాలుగు నెలల చెయ్యి ఇది అన్నాను. కోడలు ఆ సందడిలో లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందని నేనప్పుడు ఆలోచించలేదు.

ఆ తర్వాత వారానికి జరిగింది. నేసిన చీర చుట్టే కర్రని దోనె అంటాం, దాని దగ్గర వంగి కోడలు జరీని గోటితో గీకి చూసింది. పిల్ల వైపు పూలు మసకబారాయి. అందరూ వినేలా అంది.

"జరీ నల్లబడుతోంది పెద్దమ్మా. చేపల చెయ్యి. ఎన్నిసార్లు కడిగితే పోతుంది అది?"

గోడౌనులో ఆరు మగ్గాల దెబ్బా ఒకేసారి ఆగింది. ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి చూసుకుంది. మర్నాడు కాగితంలో సగం నిమ్మచెక్క తెచ్చుకుని నాడె పక్కన పెట్టుకుంది. కూర్చునే ముందు రుద్దుకునేది, మధ్యలో రుద్దుకునేది. పగిలిన వేళ్ళ సందుల్లో మంట పుడితే పెదవి కొరుక్కునేది.

ఇక నా తెలివి చెప్తాను. నాకు నోరు పెద్దది. అంతకుముందు వచ్చిన తగవులన్నీ నేను అరిస్తే అణిగినవే. టీ గ్లాసు ఎవరిది, ఫ్యాను కింద ఎవరు, ఇలాంటివి. ఇది కూడా అలాంటిదే అనుకున్నాను. అందరి ముందూ కోడలిని పట్టుకుని, మీ అత్తారింట్లో ఆదివారం చేపల పులుసు ఏ సముద్రంలోదే, గోదాట్లోదా అని అడిగాను. అందరూ పకపకా నవ్వారు. గెలిచాననుకున్నాను. కోడలి మొహం గోడవైపు తిరిగింది. నవ్విన పది మందిలో ఆమె ఒంటరిదైపోయింది, ఆ పిల్ల పక్కన కూర్చునే ఒంటరిదైంది. తగవు తీర్చడానికి వచ్చినదాన్ని ఇంకో గాయం చేసి వెళ్ళాను.

మర్నాడు ఇద్దరినీ నిలబెట్టి తప్పొప్పుకోమన్నాను. కోడలు దోనెని చూస్తూ తప్పయిపోయింది అంది. పిల్ల నాడెని చూస్తూ పర్లేదక్కా అంది. ఆ రెండు మాటలూ నేను చెప్పించినవే. నా నోటితో నేనే రెండుసార్లు అనుకుని ఉంటే సరిపోయేది.

ఆ రోజు నుంచి మగ్గం మీద పిలుపు ఆగింది. కోడలు లెక్క తన కోసం తను గొణుక్కునేది. పిల్ల తన లెక్క తను వేసుకునేది. నాడె మాత్రం గట్టిగా వచ్చేది ఇటు నుంచి అటు. అందుకునే వేళ్ళకి తగిలేలా. మూడు రోజుల్లో పూల వరస వంకరపడింది. చీర చెడితే కోడలికి పోయేదేం లేదు, పని వచ్చిన మనిషి. మగ్గం పోయేది ఆ పిల్లది.

అప్పుడు నేనే మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. మగ్గానికి ఎదురుగా, పడుగు అవతల. కోడలు లెక్క నాకు చెప్పేది, నేను పిల్లకి చెప్పేదాన్ని. పిల్ల అయింది అని నాతో అనేది, నేను కోడలితో అయిందట అనేదాన్ని. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య మాట నా చుట్టూ తిరిగి వెళ్ళేది. వరస మళ్ళీ నిలబడింది. నాకు గర్వంగా ఉండేది. ఎదురుగా నిలబడితే నడిమి పువ్వు నా చేతికి అందేది. ఎలాగూ ఉన్నాను కదా అని వంగి ఆ పువ్వు నేనే వేసేసేదాన్ని. ఇద్దరిలో ఎవరూ కాదనలేదు. అంతా సర్దేశాననుకున్నాను.

ఇంతలో రాజమండ్రిలో మా చెల్లెలి కూతురికి పురుడు. వెళ్ళకపోతే మా చెల్లెలు జన్మంతా దెప్పుతుంది. నాలుగు రోజులు ఉండి వచ్చాను. వెళ్ళేటప్పుడు ఇద్దరికీ లెక్క కాగితం మీద రాసి, మగ్గానికి కట్టి వెళ్ళాను. కొత్తగా వచ్చిన రాత, దాని మీద నాకు నమ్మకం.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే సెంటరుకి వెళ్ళి చీర చూశాను. వరస నిలువుగానే ఉంది. పూలు ఇటు నాలుగు, అటు నాలుగు, ఒకదానికొకటి సరితూగి ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. మూరెడు పొడవున, తలకి పాపిట తీసినట్టు ఖాళీ దారి. నాలుగు రోజులూ ఆ ఖాళీ ఇద్దరి కళ్ళ ముందే పెరిగింది. ఇద్దరూ చూశారు. ఇద్దరూ నేశారు.

ఈసారి అరవలేదు. ఇద్దరూ వచ్చాక ఏంటే ఇది అని మాత్రం అడిగాను.

పిల్ల ముందు చెప్పింది. నడిమిది ఆనవాయితీ ప్రకారం అక్కది, అక్క వైపు పోగు నేను ముట్టుకుంటే మళ్ళీ నల్లబడిందంటుంది, అందుకని ముట్టుకోలేదు అంది. కోడలు అంది, నడిమిది నేను ఎప్పుడో దానికిచ్చేశాను, ఇచ్చినదాన్ని మళ్ళీ లాక్కుంటానా, అది వెయ్యకపోతే నాకేం సంబంధం. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. అదే నాకు మరీ ఒళ్ళు మండించింది. పంతం కాస్త నీకే ఎక్కువుందే అని కోడలితో అన్నాను.

అప్పుడు ఆమె అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను తట్టుకునేదాన్ని.

"మీకు అక్షరాలు నేర్పింది కదా పెద్దమ్మా, దాని తప్పు మీకు కనపడదు. నేను ఎనిమిదేళ్ళు నేసి వచ్చాను. నా నేత బాగుందని మీ నోటి నుంచి ఒక్కసారి విన్నానా? దానికి ఒక పువ్వు నిలబడితే పన్నెండు మందినీ పిలిచారు. నా మగ్గం దగ్గరికి మీరు తప్పు దొరికితేనే వస్తారు."

చెప్పులేసుకుని బయటికి వచ్చాను. సెంటరు ముందు రోడ్డు, రోడ్డు అవతల రాళ్ళు, రాళ్ళ అవతల సముద్రం. అక్కడ నిలబడ్డాను చాలాసేపు. మా నేతలో మంచి పని మీద మాట ఉండదు. తప్పు మీదే మాట. మా మామగారు నాకు అలాగే నేర్పారు, మా ఆయన ముప్పై ఏళ్ళలో నా నేత బాగుందని అనలేదు. నేను పడ్డది ఇంకొకరు పడరా అని నేను అనుకున్నదీ లేదు, అసలు ఆ ఆలోచనే రాలేదు. ఆ పిల్లని మెచ్చుకున్నాను ఎందుకంటే ఆ పిల్ల నాకు సంతకం ఇచ్చింది. కోడలు నాకేమీ ఇవ్వలేదు, మంచి నేత తప్ప. జట్టుని నడిపే మనిషికి ఒకరి మీద మనసు ఎక్కువుంటే అది దాచినా దాగదు. నాకు తప్ప ఆ గోడౌనులో అందరికీ తెలుసు.

లోపలికి వెళ్ళి వాళ్ళిద్దరి ముందు కూర్చున్నాను. నిలబడి చెప్పలేదు, కింద చాప మీద కూర్చున్నాను.

"తప్పు నాది. నడిమి పువ్వు మీ ఇద్దరిదీ. మీ మధ్య దూరి నేను వేశాను. నేను లేకపోయేసరికి అది ఎవరిదీ కాకుండా పోయింది" అన్నాను. కోడలి వైపు తిరిగి, "నీ నేత బాగుంటుంది. నీ వయసులో నేను అంత నున్నగా నెయ్యలేదు. ముందే అనాల్సింది" అన్నాను.

ఆమె ముక్కు చీదింది. అది కోపమో ఏడుపో నేను తేల్చుకోలేకపోయాను.

ఇక చెయ్యవలసింది ఒకటే. ఆ మూరెడూ విప్పాలి. నేసినదానికన్నా విప్పడం కష్టం. నాడె వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ముందు ఇద్దరూ ఒకే వరసలో జరీ పోగులు లాగాలి, ఎక్కడా తెగకుండా. ఒకరు లాగి ఒకరు లాగకపోతే పడుగు వదులై చీర ముడతపడుతుంది. కత్తిరించి పారేద్దామా అని పక్క మగ్గం ఆమె అడిగింది. కత్తిరిస్తే ఇంక చీరేముంది. పైగా సెంటరు నడిపే సొసైటీ ఆఫీసరుగారు చూడ్డానికి వచ్చేది ఇంకో వారంలో.

విప్పండి అన్నాను. మళ్ళీ ఎదురుగా నిలబడడానికి కాలు అటు పోయింది. బలవంతాన ఆపుకుని గోడౌను ఆ చివర మగ్గం దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాను. ఈ వయసులో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి, నవ్వకండి. చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి.

నాడె చప్పుడు లేదు. పోగు లాగితే వచ్చే చిన్న గీరు చప్పుడు, అంతే. తర్వాత కోడలి గొంతు.

"ఆగు."

కాసేపటికి పిల్ల గొంతు. "ఎన్ని?"

"రెండు లాగు. మూడోది తెగేలా ఉంది, కాస్త నీళ్ళద్దు."

"అయింది."

పెళ్ళిలో మంగళసూత్రం కట్టేటప్పుడు కూడా నా కళ్ళల్లో అన్ని నీళ్ళు రాలేదు.

మధ్యాహ్నానికి సగం విప్పారు. మిగతాది విప్పాలంటే దోనె తిప్పి చుట్టిన బట్ట కొంచెం వెనక్కి దింపాలి. దింపారు. పోగు లాగే చప్పుడు ఆగింది. నేను ఉండలేక తల తిప్పాను. ఇద్దరూ దోనె మీద బట్టనే చూస్తున్నారు. కోడలి వైపు పూలు కూడా నల్లబడ్డాయి. పాతవి, గొడవకి ముందు వేసినవి, ఇటూ అటూ సమానంగా మసకబారాయి. మనిషి చెయ్యి కాదది. ఉప్పుగాలి. నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదని సముద్రం వైపు కిటికీ తెరిపించింది నేను. గాలి ముందు పిల్ల వైపుకి తగిలింది, తర్వాత కోడలి వైపుకి. అంతే తేడా.

పిల్ల చూసింది. చూసి తల దించుకుని తన పోగు తను లాగుతోంది.

కోడలే ఆగలేకపోయింది. "చూశావుగా."

"చూశానక్కా."

"మరి అనవేం? నేను అన్నానుగా అందరిలో. నువ్వూ అను."

"అంటే నాకేంటొస్తది?" అంది ఆ పిల్ల. "నువ్వు పిలు. ఎన్ని లాగాలి?"

కోడలు పిలవలేదు. చెయ్యి చాపి ఆ నిమ్మచెక్క తీసి కిటికీలోంచి అవతలికి విసిరింది. "నిమ్మ పులుపు తగిలితే జరీ ఇంకా పాడవుతుందే, పిచ్చిమొహమా. చేతులు చూసుకో ఎలా పగిలాయో. మా ఇంట్లో కొబ్బరినూనె ఉంది, రేపు తెస్తాను" అంది. తర్వాత, చాలా చిన్నగా, "తప్పు మాట అన్నానే" అంది. ఈసారి దోనెని చూస్తూ అనలేదు.

పిల్ల ఏం బదులిచ్చిందో నాకు వినపడలేదు. అది నా కోసం చెప్పిన మాట కాదు.

ఆఫీసరుగారు వచ్చేనాటికి చీర పూర్తవలేదు. విప్పిన మూర మళ్ళీ నెయ్యడానికే సరిపోయింది. ఆయన మంచివారే, కానీ కాగితం ప్రకారం పోయే మనిషి. చీర దిగలేదు కదమ్మా, ఈ పిల్ల పేరు వచ్చే దఫాలో చూద్దాం అన్నారు. పిల్ల మూలనున్న మగ్గం వైపు చూడలేదు. అది చూడకపోవడమే నాకు కనపడింది. నేను నోరు తెరవబోయాను. ఈలోగా కోడలు లేచింది. ఆలస్యం ఆ పిల్లది కాదండి, నాదండి అంది. నేను పిలుపు ఆపేశానండి, అందుకు విప్పాల్సొచ్చింది, నేత చూడండి, దాని వైపు ఎక్కడైనా తప్పుంటే చూపించండి అంది. నేత పని తెలిసిన మనిషి అందరిలో తన తప్పు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆయన ఎడమవైపు బట్ట మీద చెయ్యి వేసి పొడుగునా రాశారు. పదిహేను రోజులు ఇస్తున్నానన్నారు. వాళ్ళిద్దరూ పన్నెండో రోజుకే చీర దింపారు.

ఆ మూలనున్న మగ్గాన్ని ముక్కలుగా విప్పి వ్యానులో ఎక్కించారు. ఎక్కడ దింపాలన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. కోడలు అంది, మా ఇంట్లో గుంట ఖాళీగా ఉంది, బస్తాలు తీయిస్తాను, అక్కడ బిగిద్దాం. నాకూ అదే బాగుందనిపించింది. ఆ పిల్ల ఒప్పుకోలేదు. నా మగ్గం నా కప్పు కింద ఉండాలక్కా, నువ్వే రా అంది. కోడలు తెల్లబోయింది. మా నేతవాళ్ళు వలల వీధిలోకి పనికి పోవడం అంతకుముందు లేదు. అత్తగారు ఏమంటారు, వీధి ఏమంటుంది. కోడలు నావైపు చూసింది. మీరు కూడా రండి పెద్దమ్మా, మొదటిరోజు తోడుండండి అంది. నేను రానన్నాను. మీ మధ్య నిలబడితే ఏమవుతుందో ఒకసారి చూశాంగా అన్నాను.

కోడలు రెండు రోజులు వెళ్ళలేదు. మూడోరోజు పొద్దున కొబ్బరినూనె సీసా పట్టుకుని వెళ్ళింది. మొదటివారం పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచిందట, చూసినవాళ్ళు చెప్పారు. ఆ పిల్ల తల్లి ఆమెకి టీ ఇస్తే తాగలేదట. రెండోవారం తాగిందట. నెల తిరిగేసరికి ఆ తల్లి ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలితే, కోడలు మగ్గం మీద కూర్చునే హుష్ హుష్ అని కేకలేసేదట. అవన్నీ నేను విన్నవి. నేను వెళ్ళలేదు. తగవులు వాళ్ళకి ఆగలేదు. కోడలి నోరు కోడలి నోరే. ఆ పిల్ల కూడా నోరు నేర్చింది. ఒకసారి వారం రోజులు ఇద్దరూ మూతులు బిగించుకుని నేశారని విని, పిలుపు ఉందా లేదా అని మాత్రం అడిగాను. ఉందట. అయితే పర్లేదన్నాను.

ఒక వర్షాకాలం వాయుగుండం పట్టి సముద్రం మళ్ళీ లోపలికొచ్చింది. వలల వీధిలో ముందు వరస ఇళ్ళు పోయాయి. రెండో వరసలో వీళ్ళ వసారా. అలలు గుమ్మానికి కొడుతున్నాయని తెలిసి ఆ పొద్దున వానలో కోడలు తన మొగుడిని ఆటోతో సహా లాక్కెళ్ళింది. మేకులు ఊడదీసి, దోనె, చట్రం, చెక్క, అన్నీ తాళ్ళతో ఆటో మీద కట్టారు. పడుగు పోగులు తడవకుండా ఆ పిల్ల తన ఒళ్ళో చీరలో చుట్టి పెట్టుకుంది. నేనప్పుడు మా అరుగు మీద నిలబడి ఉన్నాను, ఆ ఆటో మా ముందు నుంచే వెళ్ళింది. నా ఇల్లు, నీ కప్పు అని ఆ రోజు ఎవరూ అనలేదు.

కోడలి అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడి, ఎవరి మగ్గమే అది అని అడిగింది. ఆ పిల్లదండి అంది కోడలు. మరి మనింట్లోకెందుకు అంది ఆవిడ. గుంట మనింట్లో ఉంది కాబట్టి అంది కోడలు. ఆవిడ కాసేపు వాననీ, వాకిట్లో తడిసి వణుకుతున్న తల్లీకూతుళ్ళనీ చూసింది. కాళ్ళు కడుక్కుని రమ్మను అని పక్కకి జరిగింది. ఆ ఇంట్లోకి ఎవరు వచ్చినా ఆవిడ అనే మాటే అది.

ఆ పిల్లకి తర్వాత గవర్నమెంటు కాలనీలో చిన్న ఇల్లు వచ్చింది. మగ్గం పట్టేంత చోటు లేదు. మగ్గం ఇప్పటికీ కోడలి ఇంట్లోనే ఉంది. ఆ ఇంట్లో అందరూ దాన్ని ఆ పిల్ల మగ్గమనే అంటారు. పొద్దున్నే కోడలు పడుగు తుడుస్తుంది, కండెలు సర్దుతుంది, పిల్ల కోసం నూనె గిన్నె పక్కన పెడుతుంది. అంతా అయ్యాక కూడా చెక్క మీద కూర్చోదు. ఆ పిల్ల వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.